మొండిపిల్ల ఓడ ఎక్కిందా?

మొన్న ఆక్లండ్‌లోని శాండ్రింగ్‌హామ్‌లో ఒక కొట్టులో కరివేపాకు ఏరుకుంటూ ఉండగా, వెనకాల ఎవరో భూజా పొట్లం చింపారు. ఫిజీ నుంచి వచ్చినవాళ్లు తినే మిక్స్చరు అది. వేయించిన బఠాణీలు, వెల్లుల్లి, ఎండుమిరపకాయ కలిసిన ఘాటు దాన్ని విప్పగానే లేస్తుంది. బయట వాన, లోపల తడిసిన కోట్ల వాసన. వాటిని దాటుకుని ఆ ఘాటు నా దాకా వచ్చింది. కరివేపాకు అక్కడే వదిలేసి కాసేపు బియ్యం బస్తాల పక్కన నిలబడ్డాను. సత్తెమ్మ ఆంటీ పోయిన చలికాలంలో చనిపోయింది. ఆవిడ ఇంట్లో సినిమా చూసిన ప్రతి మధ్యాహ్నమూ ఈ వాసన ఉండేది.

మౌంట్ రాస్కిల్‌లో ఆవిడ చెక్క ఇంటి వెనక ఉన్న చిన్న ఫ్లాట్‌లోకి నేనూ మావారూ అద్దెకు దిగాం. మాది కాకినాడ. మావారి ఐటీ ఉద్యోగం మమ్మల్ని న్యూజీలాండ్ తీసుకొచ్చింది. సామాను దింపుకుంటున్న మా మాటలు విని, ముందింటి మెట్ల మీదికి పూల గౌను వేసుకున్న పెద్దావిడ ఒకామె వచ్చి నిలబడింది. "తెలుగోళ్లేటి?" అని అడిగింది. "అవునండీ" అన్నాను. "అండీలు గిండీలు ఎందుకు, లోనికి రా. టీ తాగు" అంది. ఆ యాస విని ఈవిడ శ్రీకాకుళం నుంచి ఎప్పుడొచ్చిందో అనుకున్నాను. ఆవిడ ఇండియా చూడనే లేదు. ఆవిడ అమ్మమ్మ వాళ్లు విశాఖపట్నం వైపు నుంచి చెరకు కొట్టడానికి ఓడ ఎక్కి ఫిజీ వెళ్లినవాళ్లు. వాళ్లు తీసుకెళ్లిన తెలుగు ఆ తోటల్లో అలాగే ఉండిపోయింది, పక్కన కొంచెం హిందీ చేరింది. నేను రెండు మాటలు మాట్లాడగానే ఆవిడ నవ్వింది. "నీ తెలుగు టీవీలోదిలాగుంది పిల్లా. ఇస్త్రీ సేసీసినట్టు."

నేను తక్కువ మాట్లాడే మనిషిని. పుస్తకాలతో పెరిగాను, ఇక్కడ లైబ్రరీలోనే పని దొరికింది. చూసినదానికి ఒక ముక్క కలిపి చెప్పడం నాకు చేతకాదు, ఎవరైనా కలిపితే నచ్చేదీ కాదు. ఆంటీ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. బస్సులో చూసిన గొడవ గురించి చెబితే, ఆ గొడవపడినవాళ్ల పెళ్లి దగ్గర్నుంచి మొదలుపెట్టేది. మొదటి రోజు టీ తాగుతూ ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న నాకు వింతగా తోచింది.

"సినిమాలు సూస్తావా?"

"చూస్తాను ఆంటీ."

"ఆకరిదాకా సూస్తావా?"

"ఆఖరిదాకానే చూస్తాం కదా ఎవరైనా."

"అదృష్టవంతురాలివి" అంది ఆవిడ. ఆ మాటలో వెటకారం లేదు.

ఆ మాట వెనకున్న కథ తరవాత ముత్తమ్మగారు వచ్చిన ఒక మధ్యాహ్నం తెలిసింది. ముత్తమ్మగారిదీ ఆ తోటలే, ఇద్దరూ కలిసి పెరిగారు, ఇప్పుడు శాండ్రింగ్‌హామ్‌లో కూతురి దగ్గర ఉంటుంది. వాళ్లు పెరిగిన చోటు చక్కెర మిల్లు ఉన్న ఒక చిన్న ఊరికి దూరం. ఆ మిల్లు ఊళ్లో రేకుల కప్పు సినిమా హాలు ఉండేది. శనివారం మధ్యాహ్నాలు ఇంగ్లీషు సినిమా వేసేవారు. తోటల ఆడవాళ్లంతా ఒకే బస్సులో వెళ్లేవారు. బడికి వెళ్లి కాస్త ఇంగ్లీషు నేర్చుకున్నది సత్తెమ్మ ఒక్కతే కాబట్టి, తెర మీద జరిగేదంతా ఆవిడ పైకి చెబుతూ ఉండాలి, తెలుగులో, మధ్యమధ్య హిందీలో. హాల్లో ఎవరూ కసిరేవారు కాదు. ముందు వరసల్లో కూర్చున్న మగవాళ్లు కూడా ఆ చెప్పేది వినడానికి వెనక్కి తిరిగేవారట. చిక్కల్లా బస్సుతో. తోటల వైపు వెళ్లే చివరి బస్సు, సినిమా పూర్తికాక ముందే బయలుదేరేది. డ్రైవరు హాలు ముందు ఆపి హారన్ కొట్టేవాడు. అంతే, తెర మీద ఎవరు చస్తున్నా లేచి పరిగెత్తాలి. ఆ తోటల ఆడవాళ్లు ఏ సినిమాకీ ముగింపు చూడలేదు. ముగింపు ఏమై ఉంటుందో బస్సులో తేల్చుకునేవారు.

"ఎవరు తేల్చేవారు?" అని అడిగాను.

"అందరూ" అంది ముత్తమ్మగారు. "డ్రైవర్ కూడా ఒక మాటేసీవోడు. ఆడి మాట ఎవులూ ఇనీవోరు కారు. ఆకరికి ఇదిగో, ఈ సత్తెమ్మొదిన సెప్పిందే ముగింపు."

వాళ్లు అన్నింటికన్నా ఎక్కువసార్లు చూసినది ఒక పాత హాలీవుడ్ ప్రేమకథ. చెరకు నరుకుడు ముగిసే కాలంలో ఏటా ఆ హాలుకు వచ్చేదట. దాని అసలు పేరు వాళ్లకు పట్టలేదు. మొండిపిల్ల సినిమా అనేవారు. అమెరికా దక్షిణాన ఒక పత్తి ఎస్టేట్, దానికి ఒక్కతే కూతురు. ఎవరి మాటా వినదు. ప్రేమించిన స్టీమరు కెప్టెన్‌ను విందులో అందరి ముందూ అవమానిస్తుంది, అతను వెళ్లిపోతే కసి కొద్దీ ఇంకొకణ్ని పెళ్లాడుతుంది. భర్త పోతాడు, పంట మునుగుతుంది, ఎస్టేట్‌ను ఒంటిచేత్తో నిలబెడుతుంది. ఏళ్ల తరవాత కెప్టెన్ స్టీమరు ఆ రేవుకు వస్తుంది. నాతో వచ్చెయ్, ఇదంతా వదిలెయ్ అంటాడు. గంట మోగుతుంది. ఆ పిల్ల పట్టు గౌను బురదలో ఈడ్చుకుంటూ రేవుకు పరిగెత్తి, స్టీమరుకు వేసిన చెక్కబల్ల మీద ఒక కాలు పెడుతుంది. సరిగ్గా అక్కడ బస్సు హారన్ మోగేది. ప్రతి ఏడూ అక్కడే.

బస్సులో తేలిన ముగింపు ఏమిటంటే, ఆమె కాలు వెనక్కి తీసుకుంది. ఎక్కలేదు. తన ఇంటికి తిరిగి వెళ్లి, తన పొలం తను చూసుకుంది.

"ఎక్కి ఉండొచ్చు కదా ఆంటీ?"

"ఎక్కీసిందంటే బస్సులో అందరూ ఏడుస్తారు. ఇంటికెల్లి వండాల గదా" అంది ఆవిడ, బఠాణీల గిన్నె నా వైపు జరుపుతూ.

ఇది నాకు హాస్యంగానే మిగిలిపోయేది, ఆవిడ ఆ రెండో సంగతి చెప్పకపోయి ఉంటే. ముత్తమ్మగారు లేని రోజు, వంటగదిలో చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పింది. పెళ్లయి కొడుకు పుట్టాక ఆవిడ భర్త పనికోసం న్యూజీలాండ్ వచ్చాడు. మాంసం ఫ్యాక్టరీలో చేరాడు. ఇక్కడ ఇంకొకామెతో ఉన్నాడని కబురు వచ్చింది. కొన్నేళ్లకు ఆమె వెళ్లిపోయింది. అప్పుడు భార్యకు విమానం టిక్కెట్టు పంపి, పిల్లాణ్ని తీసుకుని వచ్చెయ్యమన్నాడు.

"సూట్‌కేసుతో ఎయిర్‌పోర్టు దాకా ఎల్లేను. రమేష్‌గాడు నా కొంగట్టుకున్నాడు. కౌంటరు కాడ ఆ అమ్మి సెయ్యి సాపింది, టిక్కెట్టు ఇమ్మని. అప్పుడు గుర్తొచ్చినాది. ఆ మొండిపిల్ల కాలు ఎనక్కి తీసుకున్నాది గదా అని. నేనూ సెయ్యి ఎనక్కి తీసుకున్నాను."

చిక్కుడు గింజలు గిన్నెలో వేస్తూ మిగతాదీ చెప్పింది. ఆవిడ కౌలు పొలంలో చెరకు పండించింది, కొడుకును చదివించింది. కౌలు గడువు తీరి పొలం పోయాక, అప్పటికే ఆక్లండ్‌లో స్థిరపడిన కొడుకు పిలిస్తే వచ్చింది. భర్త ఉన్న ఊరికే వచ్చింది కానీ భర్త ఇంటికి రాలేదు. స్కూళ్లలో క్లీనింగ్ పని చేసి ఈ ఇల్లు నిలుపుకుంది. ఆయన ఆక్లండ్ దక్షిణపు అంచున టకానినిలో, కొడుకు దగ్గర ఉండేవాడు.

నేను ఆ ఫ్లాట్‌లోకి వచ్చిన కొన్నేళ్లకు ఆయనకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఒక ఆదివారం రమేష్ వచ్చాడు. నేను ఆంటీకి కళ్ల చుక్కలు వేస్తున్నాను. ఆవిడకు అప్పటికే చూపులో నడిమి భాగం పోతోంది. ఎదురుగా ఉన్న మనిషి మొహం కనబడదు, పక్కల ఉన్నవి కనబడతాయి. డాక్టర్లు ఆపగలిగేది కాదన్నారు.

"అమ్మా, డాడ్ డైలీ అడుగుతున్నాడు. అక్కడికే వచ్చెయ్. నీ కోసం రూమ్ రెడీ చేశాం" అన్నాడు రమేష్.

"నాకు రూముంది."

"ఎంతకాలం ఉంటాడో డాక్టర్ చెప్పట్లేదమ్మా. నీకూ కళ్లు పోతున్నాయి. ఒక్క మాట చెప్పు, వస్తావా రావా?"

ఆవిడ కళ్లు మూసుకునే ఉంది. "ఆ పిల్ల ఎక్కిందో లేదో సూసేక సెప్తాను" అంది.

"ఏ పిల్ల?"

"నీకు తెల్దులే."

రమేష్ నా వైపు చూశాడు. నేను చుక్కల సీసా మూత బిగించాను. అతను వెళ్లాక ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. "లైబ్రరీలో పన్సేస్తన్నావు గదా. ఆ సినిమా దొరుకుతాదేటి? ఇంకా కొంచెం కళ్లున్నాయి."

ఆవిడ హాస్యమాడటం లేదని నాకు తెలుసు. ఇన్నేళ్లుగా ఒక ముగింపు మీద నిలబడిన మనిషి, దాన్ని కళ్లతో చూసుకున్నాకే రెండోసారి నిర్ణయం తీసుకోవాలనుకుంది.

పేరు తెలియని సినిమాను వెతకడం కష్టమే. పాత సినిమాలంటే ఇష్టమున్న ఒక సహోద్యోగికి స్టీమరు, బురద, చెక్కబల్ల గురించి చెబితే గుర్తుపట్టింది. డిస్క్ తెప్పించాను. గీతలున్నాయేమో చూద్దామని మా ఇంట్లో చివరి భాగం వేసి చూశాను. ఆ పిల్ల ఎక్కింది. ఎక్కడమే కాదు, కెప్టెన్ కాళ్ల దగ్గర కూలబడి, నా పొగరే మనల్ని విడదీసింది, క్షమించు అని ఏడ్చింది. సంగీతం పెద్దదైంది. టీవీ ఆపేశాను. దొరకలేదని చెప్పడం నాకు తేలికే. కానీ మర్నాడు ఆంటీ ఇంట్లో అడుగుపెట్టి పలకరించగానే ఆవిడ అంది: "దొరికినాది. నీ గొంతు మారిపోనాది. ఏటైందో సెప్పకు. శనివారం ఏద్దాం. ముత్తమ్మని పిలు."

శనివారం మధ్యాహ్నం ముందు గదిలో కర్టెన్లు మూశాం. ముత్తమ్మగారు భూజా తెచ్చింది. ఆంటీ టీవీకి దగ్గరగా కుర్చీ వేసుకుంది. సినిమా మొదలైన కాసేపటికే తేలిపోయింది, తెర నడుమ జరిగేది ఆవిడకు కనబడటం లేదు.

"పిల్లా, నువ్వు సెప్పు" అంది.

"నేనా?"

"మరి ముత్తమ్మ సెప్తాదేటి, దానికి ఇంగ్లీషు రాదు గదా."

"నాకొచ్చు. యెస్, నో వొచ్చు" అంది ముత్తమ్మగారు.

నేను మొదలుపెట్టాను. "నాయిక మెట్లు దిగుతోంది. తెల్ల గౌను ధరించింది. తండ్రి ఆమెను మందలిస్తున్నాడు." ఆంటీ చెయ్యి ఎత్తి ఆపింది. "వార్తలు సదవకు తల్లీ. సినిమా సెప్పు." ముత్తమ్మగారు నోట్లో బఠాణీలతోనే నవ్వింది. మళ్లీ మొదలుపెట్టాను. నెమ్మదిగా నా గొంతు సర్దుకుంది. ఎవరు వచ్చారో, ఎవరి చెయ్యి వణికిందో, ఎవరు ఏమన్నారో చెప్పాను. ఏమీ కలపలేదు.

విందు ఘట్టంలో అనుకోనిది జరిగింది. మొండిపిల్ల కెప్టెన్‌ను అవమానించే మాటలు నేను చెబుతుంటే ఆంటీ అడ్డొచ్చింది. "ఆ మూలనున్నదెవులు?"

"ఎక్కడ?"

"ఆ పక్కన. గోడకాడ. ట్రే పట్టుకుని."

నేను ఆమెను చూడనే లేదు. నల్లజాతి ఆడమనిషి, ఇంటి దాసి. ఆ రోజుల్లో ఆ ఎస్టేట్లలో వాళ్లను డబ్బిచ్చి కొనుక్కునేవారు. సినిమా తీసినవాళ్లకు ఆమె మీద ధ్యాస లేదు, పేరు కూడా పెట్టలేదు. ఏ ఘట్టంలో చూసినా ఒక అంచున ఉంటుంది. ఆంటీ కళ్లకు ఇప్పుడు మిగిలింది ఆ అంచులే. అక్కణ్నుంచి ఆవిడ అడుగుతూనే ఉంది. ఇప్పుడేం సేస్తంది? గౌను ఎత్తి పట్టుకుందా? ఎనకాల పత్తి ఏరతన్నవోళ్లు ఎందరు? నేను చెబుతూ పోయాను.

"ఇన్నేళ్లూ ఆ పిల్ల గౌన్లే సూసేను" అంది ఆంటీ ఒకసారి. "ఈళ్లని సూడనే లేదు. మాయమ్మమ్మ ఇలాగే తలగుడ్డ కట్టీది."

సినిమా రేవుకు చేరింది. గంట మోగింది. ముత్తమ్మగారు తినడం ఆపేసింది. మొండిపిల్ల పరిగెత్తుతోందని చెప్పాను. గౌను బురదలో పడింది. దాసి వెనకాలే శాలువా పట్టుకుని పరిగెత్తుతోంది. మొండిపిల్ల బల్ల మీద కాలు పెట్టింది. అక్కడ ఆగాను. గదిలో ముగ్గురం హారన్ కోసం ఎదురుచూస్తున్నట్టు ఉన్నాం.

"ఎక్కిందా?" అంది ఆంటీ.

"ఎక్కింది ఆంటీ."

ఆవిడ కుర్చీ చేతుల మీద వేళ్లు బిగించి కూర్చుంది. కాళ్ల మీద పడటం, క్షమించమనడం కూడా చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ముత్తమ్మగారికి మాత్రం కోపం ముంచుకొచ్చింది.

"ఇది మన సినిమా కాదు. దీన్ని మార్చీసినారు. మన హాల్లో ఏసిందాన్లో ఎక్కలేదు."

"మన హాల్లో మనం సూడలేదే" అంది ఆంటీ.

"సూడకపోతే మాత్రం! కాళ్లమీద పడతాదా అది? ఏం పిల్లా, నువ్వు సరిగ్గా సూస్తన్నావా?"

"ఉండవే" అంది ఆంటీ. మెడ కొంచెం పక్కకు తిప్పి, తెర ఎడమ అంచును చూస్తోంది. "ఆవిడ ఎక్కలేదు గదా? శాలువా ఆవిడ?"

నేను చూశాను. స్టీమరు కదులుతోంది. కౌగిలించుకున్న ఆ ఇద్దరి వెనక, దూరమవుతున్న రేవు కనబడుతోంది. ఇంట్లో చూసినప్పుడు నా కంటపడలేదు. "ఎక్కలేదు. రేవు మీదే ఉంది."

"ఏం సేస్తంది?"

"నిలబడింది. శాలువా తన భుజాల మీదే కప్పుకుంది. ఇప్పుడు వెనక్కి తిరిగింది."

"ఒక్కర్తేనా?"

"ఒక్కతే. నడుస్తోంది."

తెర మీద అక్షరాలు పడ్డాయి. ఆంటీ వేళ్లు వదులయ్యాయి. ముత్తమ్మగారి వైపు తిరిగి అంది: "రేవుకాణ్నుంచి ఎవులో ఒకలు ఇంటికెల్లేరు గదే. మనం మనిషినే తప్పు సెప్పుకున్నాం."

"ఆవిడిల్లెక్కడ?" అని అడిగింది ముత్తమ్మగారు, ఇంకా కోపంగానే.

"లైన్లో ఉంటాది" అంది ఆంటీ. ఫిజీ తోటల్లో కూలీలను ఉంచిన పొడవాటి పాకల వరసను లైను అనేవారు. ఆంటీ వాళ్ల అమ్మ పుట్టింది అలాంటి లైను గదిలో.

సోమవారం నా ముందే రమేష్‌కు ఫోన్ చేసింది. "ఒస్తాను. ఉండను. పగలొస్తాను, ఎలుగుండగా నా ఇంటికి నేనెల్లిపోతాను" అంది. అవతల రమేష్ ఏమన్నాడో వినపడలేదు. "నీకు నచ్చకపోతే మానీ. మీ అయ్యనడుగు" అని పెట్టేసింది.

నా సెలవు రోజుల్లో నేను డ్రైవ్ చేసి తీసుకెళ్లేదాన్ని. టకానినిలో ఒకదాన్నొకటి పోలిన కొత్త ఇళ్ల మధ్య రమేష్ ఇల్లు. ఆయన మంచం కిటికీ పక్కన ఉండేది, రైలు పట్టాలు కనబడేవి. మొదటి రోజు వాళ్లిద్దరినీ వదిలి బయటికి వెళ్లబోతే ఆంటీ నా కొంగు పట్టుకుని ఆపింది.

"వచ్చేవా?" అన్నాడు ఆయన.

"ఒచ్చేను."

"ఉండిపోతావా?"

"సాయంత్రం దాకా ఉంటాను."

"కోపం పోలేదా సత్తీ?"

"కోపం ఎప్పుడో పోనాది. ఇల్లుంది గదా నాకు. మొక్కలున్నాయి."

ఆయన ఆవిడ వైపు తల తిప్పి, "ఏదైనా సినిమా చెప్పు" అన్నాడు. ముందు వరసలో కూర్చుని వెనక్కి తిరిగి వినే మగవాళ్లలో ఆయనొకడని నాకు ఆ రోజే తెలిసింది. ఆయనది మిల్లు ఊరు. ఆంటీ మొండిపిల్ల కథ చెప్పడం మొదలుపెట్టింది. పాత పద్ధతిలోనే, కావలసినంత కలిపి. బల్ల మీద కాలు పెట్టేదాకా వచ్చి ఆపింది.

"ఎక్కింది" అన్నాడు ఆయన. "నాకు బస్సు లేదు కదా. నేను ఆఖరిదాకా చూసేవాణ్ని. ఎక్కుతుందని తెలుసు. అందుకే నీకు టిక్కెట్టు పంపేను."

ఆంటీ ఆయన మొహం ఉన్న వైపు తిరిగింది. ఆ మొహం ఆవిడకు కనబడదు. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. ఆయనా నవ్వాడు, నవ్వుతో దగ్గు వచ్చింది, ఆవిడ తడుముకుంటూ నీళ్ల గ్లాసు అందించింది. నాకు ఏ హక్కూ లేకపోయినా ఆ రెండు నిమిషాలూ నేను అక్కడే ఉన్నాను. నా జీవితంలో నేను చూసిన వాటిలో దాన్ని దేనితోనూ పోల్చలేను.

ఆయన వసంతం దాకా బతికాడు. అన్ని రోజులూ ఆవిడ వెలుగుండగానే తిరిగి వచ్చింది. కర్మకాండలు పూర్తయ్యాక రమేష్ మరోసారి అడిగాడు, ఇప్పుడైనా మా దగ్గర ఉండిపోమని. ఆవిడ అతని తల నిమిరి కారెక్కింది. మోటర్‌వే మీద వస్తుంటే, "ఏటి కనపడతంది?" అని అడిగింది. చెప్పాను. తోవ పొడుగునా అలా చెప్పడం అప్పటికి నాకు అలవాటైపోయింది. పోయిన చలికాలంలో తన ఇంట్లో, తన మంచం మీద, నిద్రలో పోయింది. చివరి వారాల్లో ఏమీ కనబడేది కాదు. ఆవిడ కోసం నేను కిటికీలోంచి కనబడినది కనబడినట్టు చెబుతూ ఉండేదాన్ని. నిమ్మచెట్టు, పక్కింటివాళ్ల కుక్క, ఉతికిన దుప్పట్లు.

నెలకో శనివారం మా లైబ్రరీ పక్క హాల్లో, చూపు తగ్గిన మన పెద్దవాళ్లకు సినిమా వేస్తాం. చెప్పే పని నాదే. ఎవరు అడిగినా అడక్కపోయినా, ముందు అంచుల్లో ఎవరున్నారో చెబుతాను, ఆ తరవాతే నడుమ ఉన్నవాళ్లను. పోయిన నెల మొండిపిల్ల సినిమా వేశాం. ముత్తమ్మగారు ముందు వరసలో కూర్చుని, ఈసారైనా దానికి బుద్ధొచ్చిందేమో చూడమంది. రాలేదని చెప్పాను. స్టీమరు కదిలింది, అక్షరాలు పడ్డాయి, ఎవరో లైట్లు వేశారు. కుర్చీల్లోంచి ఎవరూ లేవలేదు. సినిమాలో లేనిది ఒక్క ముక్క కూడా కలపకుండా చెప్పే మనిషిని నేను. ఆ ఒక్కచోట తప్ప. శాలువా కప్పుకున్న ఆమె రేవు దాటి, పత్తిచేల పక్కన నడిచి, లైన్లో తన గది తలుపు తీసుకుని లోపలికి వెళ్లేదాకా చెబుతాను.